పాల్వంచ బూడిద, తెప్లిత్సె పాట

వచ్చే నెల జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఉష్ స్మె దొమా అనే చెక్ పంక్ బ్యాండ్ వాళ్ళ షో ఉంది. టికెట్లు మా అమ్మాయి కొనేసింది, వీసా వచ్చేసింది, లీవు కూడా సాంక్షన్ అయింది. ఇంక అప్పట్నుంచీ నా మనసు మనసులో లేదు. ఆఫీసులో మీటింగ్‌లో కూర్చున్నా, లింగంపల్లి దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నా తల్లో ఆ డ్రమ్సే, ఆ శాక్సాఫోనే. యాభై దాటిన మనిషికి ఇంత ఆత్రం ఏంటని ఇంట్లో అడుగుతున్నారు, వాళ్ళకి చెప్పిందే ఇక్కడా రాస్తున్నా, కాస్త పెద్దగానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

మనవాళ్ళలో చాలామందికి ఈ బ్యాండ్ పేరు తెలీదు కాబట్టి ముందు అది చెప్తాను. చెక్ రిపబ్లిక్‌కి ఉత్తరాన, జర్మనీ బోర్డర్ కొండలకి ఇవతల తెప్లిత్సె అని ఒక ఊరుంది. 1985లో అక్కడ మొదలైన పంక్ బ్యాండ్ ఇది, పంక్ అంటే వేగంగా, మొరటుగా ఉండే రాక్ సంగీతం. పాటలు రాసేదీ పాడేదీ గిటారు వాయించేదీ మిరోస్లావ్ వానెక్, ఆయన 1986లో చేరాడు, అప్పట్నుంచీ బ్యాండ్ అంటే ఆయనే. మిగతావాళ్ళు మారుతూ వచ్చారు, ఆయన మాత్రం అక్కడే ఉన్నాడు. ఆల్బమ్ కవర్లు వేసే పెయింటర్ మార్టిన్ వెలీషెక్‌ని కూడా బ్యాండ్ మెంబర్‌గానే లెక్కేస్తారు వీళ్ళు, స్టేజి మీద ఏదీ వాయించకపోయినా సరే. నాకు ఈ పద్ధతి మొదట్నుంచీ భలే నచ్చుతుంది.

నాకు పంక్ పిచ్చి ఎలా పట్టిందంటే ఇంజనీరింగ్‌లో ఒక సీనియర్ వల్ల. 80ల చివర్లో హైదరాబాద్‌లో మనకి దొరికే ఇంగ్లీష్ పాటలంటే మైఖేల్ జాక్సన్, అబ్బా, బోనీ ఎమ్, అంతే. ఆ సీనియర్ వాళ్ళ అన్నయ్య లండన్ నుంచి పంపిన క్యాసెట్ ఒకటి హాస్టల్ అంతా తిరిగింది, టీడీకే 90, ఒకవైపు రామోన్స్ ఇంకోవైపు క్లాష్ అని, రెండూ పంక్ బ్యాండ్లే, బాల్‌పెన్‌తో రాసుండేది. అది కాపీకి కాపీకి కాపీ, అసలు పాట కంటే సుయ్‌మనే చప్పుడే ఎక్కువ. అయినా రెండు నిమిషాల్లో అయిపోయే ఆ పాటలు విని నాకు రాత్రంతా నిద్రపట్టలేదు. గిటారు మీద మూడు కార్డ్‌లు (chords) తెలిస్తే చాలు, సంగీతం నేర్చుకోనక్కర్లేదు, గొంతు బాగుండక్కర్లేదు, చెప్పాల్సింది ఉంటే నిలబడి చెప్పెయ్యడమే. ఇంట్లో అమ్మ టౌన్‌షిప్ పిల్లలకి సంగీతం నేర్పేది, నాకు శృతి పలికేది కాదు, దాంతో నాకు ఈ మాట ఎంత ధైర్యం ఇచ్చిందో మాటల్లో చెప్పలేను.

టౌన్‌షిప్ అంటే రామచంద్రాపురం బీహెచ్ఈఎల్. నాన్న అక్కడ టర్బైన్ల విభాగంలో చేసేవారు. ఆ ఫ్యాక్టరీయే చెకోస్లొవేకియా సాయంతో కట్టింది, 60ల్లో అక్కడి నిపుణులు కుటుంబాలతో సహా వచ్చి మన దగ్గర ఉన్నారు. మన ఇంజనీర్లు అటెళ్ళి ట్రైనింగ్ తీసుకున్నారు, నాన్న ప్ల్జెన్ అనే ఊళ్ళో స్కోడా వర్క్స్‌లో ఉండొచ్చారు. ఇప్పుడు స్కోడా అంటే అందరికీ కారే గుర్తొస్తుంది గానీ మా ఇంట్లో స్కోడా అంటే టర్బైనే. 110 మెగావాట్ల సెట్లు ఆ డిజైన్‌వే. నాన్న ప్ల్జెన్ నుంచి తెచ్చినవి మా షోకేసులో ఉండేవి, ఒక కట్ గ్లాస్ ఫ్లవర్ వాజు, ఒక చిన్న నోట్‌బుక్, అక్కడి పేరున్న గాయకుడు కారెల్ గాట్ పాడిన ఒక ఎల్పీ, సుప్రఫోన్ అనే అక్కడి కంపెనీది. నోట్‌బుక్‌లో చెక్ మాటలు తెలుగు లిపిలో రాసుకున్నారాయన, దొబ్రీ దెన్, దెకుయి, బ్రెడ్డుకి ఏమనాలి, పాలకి ఏమనాలి, మాంసం వద్దు అని ఎలా చెప్పాలి. ఆ చివరి వాక్యం కింద రెండు గీతలు. అది చూస్తే చాలు, అక్కడి క్యాంటీన్‌లో నాన్న ఎన్ని తిప్పలు పడ్డారో అర్థమైపోతుంది.

నాకు ఆరేడేళ్ళప్పుడు నాన్నకి పాల్వంచ డ్యూటీ పడింది, కొత్తగూడెం థర్మల్ స్టేషన్‌లో సెట్లు బిగించే పని. మేమూ వెళ్ళి అక్కడ క్వార్టర్స్‌లో ఉన్నాం. అమ్మ ఉతికి ఆరేసిన బట్టలు సాయంత్రం తీసేటప్పటికి తెల్లచొక్కా మీద సన్నటి బూడిద పేరుకుని ఉండేది, వేలితో రాస్తే గీత పడేది, ఆమె ఒక్కొక్కటీ తీగ మీదే ఝాడించి ఝాడించి మడతపెట్టేది. అరటాకు మీద బూడిద, సైకిల్ సీటు మీద బూడిద, రాత్రి పడుకుంటే దూరంగా ప్లాంటు హోరు. పెద్దవాళ్ళెవరూ దాని గురించి మాట్లాడేవాళ్ళు కాదు, అది అన్నం పెట్టే బూడిద. నాకు మాత్రం ఆ హోరు అంటే భయం, ఇష్టం రెండూ ఉండేవి. 2024లో ఆ పాత కూలింగ్ టవర్లని పేల్చి పడగొట్టిన వీడియో నాన్నా నేనూ కలిసి చూశాం, ఆయన ఏం మాట్లాడకుండా ఇంకోసారి పెట్టమన్నారు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఈ బ్యాండ్‌కీ దీనికీ లింకుంది, ఆ లింకు నాకు చాలా ఏళ్ళకి గానీ తెలియలేదు.

90ల మధ్యలో ఎమ్మెస్ చెయ్యడానికి అమెరికా వెళ్ళాను, మిడ్‌వెస్ట్‌లో ఒక యూనివర్సిటీ ఊరు. మనవాళ్ళంతా వీకెండ్ వస్తే వీసీఆర్‌లో తెలుగు సినిమాలు వేసుకునేవాళ్ళు, నేను మధ్యలో లేచి క్యాంపస్ రేడియోలో అర్ధరాత్రి వచ్చే పంక్ ప్రోగ్రాం వినేవాణ్ణి. ఒకరోజు అందులో అనౌన్స్ చేశారు, చెకోస్లొవేకియా నుంచి బ్యాండ్ వస్తోంది, ఫలానా బార్ వెనక రూములో షో అని. అప్పటికే ఆ దేశం రెండుగా విడిపోయింది గానీ అమెరికన్లు ఇంకా అలాగే అనేవాళ్ళు. చెక్ అనే మాట వినపడగానే నాకు మా షోకేసు గుర్తొచ్చింది. అంతకంటే వేరే కారణం లేదు, వెళ్ళాను.

యాభై అరవై మంది ఉంటారేమో, ఎదురుగా మోకాలెత్తు స్టేజి. మొదలైన మొదటి నిమిషంలోనే నాకు నోటమాట రాలేదు. నేనెరిగిన పంక్ అంటే ఒకటే వేగం, ఒకటే లెక్క, గోడకేసి కొట్టినట్టు. వీళ్ళదీ అంత వేగమే, కానీ గిటారూ శాక్సాఫోనూ ఒకే వరస పట్టుకుని పరిగెత్తుతాయి, ఉన్నట్టుండి అందరూ ఒక్కసారిగా ఆగిపోతారు, రూమంతా నిశ్శబ్దం, మళ్ళీ అందరూ ఒకేసారి అందుకుంటారు, ఈసారి లెక్క వేరు. నాలుగు అనుకుని కాలు ఆడిస్తుంటే అది ఏడయిపోతుంది, ఏడు దొరికింది అనుకునేలోపు ఐదు. మధ్యలో అందరూ కలిసి కోరస్‌గా అరుస్తారు, చర్చిలో పాడినట్టూ ఉంటుంది, ఫ్యాక్టరీ గేటు ముందు నినాదంలానూ ఉంటుంది. చెక్ ముక్క నాకు రాదు, అయినా ఒక్కమాట కూడా పోలేదనిపించింది. ముందు వరసలో గెంతుతున్న తెల్లపిల్లల మధ్య నేనొక్కణ్ణే బ్రౌన్, ఎవరో భుజం మీద చెయ్యేసి లాగారు, ఇంక షో అయ్యేదాకా నేనూ గెంతుతూనే ఉన్నాను.

అయిపోయాక మూలన మడత టేబుల్ మీద సూట్‌కేసు తెరిచి సీడీలు అమ్ముతున్నారు. హాలీవుడ్ అనే ఆల్బమ్ కొన్నాను, అది 1993లో వచ్చింది. టేబుల్ దగ్గరున్న కుర్రాడికి ఇంగ్లీష్ అంతంతమాత్రం. మా నాన్న ప్ల్జెన్‌లో స్కోడాలో పనిచేశారు, టర్బైన్, ఇండియా అని చేతులు తిప్పుతూ చెప్పాను, దొబ్రీ దెన్ అన్నాను. అతను పెద్దగా నవ్వేసి సీడీ మీద రెండు డాలర్లు తగ్గించాడు. ఎమ్మెస్ స్టూడెంట్‌కి రెండు డాలర్లంటే ఆ రోజుల్లో ఒక పూట భోజనం.

ఆ తర్వాత మొదలైంది నా వెతుకులాట. వాళ్ళ ఊరు ఎలాంటిదో తెలుసుకోవాలని లైబ్రరీలో పడ్డాను. అప్పుడు తెలిసింది, తెప్లిత్సె ఉన్నది బొగ్గు బేసిన్‌లో. మన సింగరేణిలాగే అక్కడ నేలంతా బొగ్గే, కాకపోతే గోధుమరంగుది, దాన్ని ఓపెన్ కాస్ట్‌లో తవ్వి పక్కనే పవర్ స్టేషన్లలో కాల్చేవాళ్ళు. ఆ బొగ్గులో గంధకం ఎక్కువ, చలికాలంలో కొండల మధ్య పొగ దిగబడిపోయి కదిలేది కాదు, పిల్లల్ని కొన్ని వారాలు మంచి గాలి ఉన్న చోటికి పంపించేసేవాళ్ళట. అక్కడే ఏళ్ళ తరబడి ఉండిపోయే ఉద్యోగులకి ప్రభుత్వం అదనంగా డబ్బిచ్చేది, జనం దాన్ని చావు ఖర్చుల డబ్బు అని పిలుచుకునేవాళ్ళు. ముప్ఫై కిలోమీటర్ల లోపే మోస్ట్ అనే ఊరుంది, కింద బొగ్గుందని పాత ఊరు మొత్తం కూల్చేశారు, ఒక్క చర్చిని మాత్రం 1975లో పట్టాల మీద పెట్టి 841 మీటర్లు జరిపి కాపాడారు. ఊరంతా పోయింది, గుడి ఒక్కటీ మిగిలింది. ఇది చదివినప్పుడు నాకు పాల్వంచ డాబా మీద బట్టలు ఝాడిస్తున్న అమ్మ కళ్ళముందుకొచ్చింది. నాకు భాష రాకపోయినా ఆ పాటలు ఎందుకు అర్థమయ్యాయో అప్పుడు తెలిసింది. ఆ హోరు నేను చిన్నప్పుడు విన్నదే. మా నాన్న బిగించినలాంటి మెషీన్ల పక్కన పెరిగిన అక్కడి పిల్లలూ నేనూ ఒకటే.

ఇంకా వెనక్కి వెళ్తే ఇంకా ఉంది. వానెక్ దీనికి ముందు ఎఫ్.పి.బి. అనే బ్యాండ్‌లో ఉండేవాడు, 80ల మొదట్లో, అదీ తెప్లిత్సెదే. ఫోర్త్ ప్రైస్ బ్యాండ్ అన్నమాట. అప్పటి ప్రభుత్వం హోటళ్ళకీ బార్లకీ రేట్లని బట్టి గ్రేడులు పెట్టేది, నాలుగోది అన్నిటికంటే చవక, కార్మికులు వెళ్ళేది. పేరులోనే చెప్పేశారు మేం ఎవరమో. అక్కడ బ్యాండ్ పెట్టడమంటే గ్యారేజీలో నలుగురు కూడితే అయిపోయేది కాదు, ఒక కమిటీ ముందు పరీక్షలా వాయించి చూపించాలి, వాళ్ళు పర్మిషనిస్తేనే స్టేజి ఎక్కాలి. ప్లాస్టిక్ పీపుల్ ఆఫ్ ది యూనివర్స్ అనే ప్రాగ్ రాక్ బ్యాండ్ వాళ్ళది పంక్ కాదు గానీ వాళ్ళకి జరిగింది అందరికీ తెలుసు, 1976లో ఒక పెళ్ళి పేరు చెప్పి పల్లెలో కచేరీ చేసుకున్న కొన్ని వారాలకే అరెస్టులు, కేసు, జైలు. ఆ కేసు మీద కోపంతోనే నాటక రచయిత హావెల్ లాంటివాళ్ళు చార్టర్ 77 అనే మానవ హక్కుల ప్రకటన రాశారు. 1983లో పార్టీ పత్రిక ట్రిబునాలో పంక్‌నీ న్యూ వేవ్‌నీ తిడుతూ ఒక వ్యాసం వచ్చింది, దాని వెనకే బ్యాండ్ల మీద నిషేధాలు. అలాంటి టైంలో, వ్యాసం వచ్చిన రెండేళ్ళకి, ఉష్ స్మె దొమా మొదలైంది. మన హాస్టల్లో తిరిగినట్టే అక్కడా టేపులు చేతులు మారుతూ కాపీలయ్యేవి. మాకు టేప్ పోతే తిట్టే సీనియర్ ఉండేవాడు, వాళ్ళకి పోలీసులు. ఆ తేడా నేను ఎప్పుడూ మర్చిపోను.

1989 నవంబర్ 11న తెప్లిత్సె జనం మంచి గాలి కావాలని రోడ్డు మీదకొచ్చారు. ప్రాగ్‌లో స్టూడెంట్లని పోలీసులు కొట్టడం, కమ్యూనిస్టు ప్రభుత్వాన్ని దించేసిన వెల్వెట్ రెవల్యూషన్ మొదలవ్వడం ఆ తర్వాత ఆరు రోజులకి. ప్రపంచం అంతా ప్రాగ్ గురించే చెప్పుకుంటుంది, నేను మాత్రం ఎవరు అడిగినా ముందు తెప్లిత్సె అంటాను. ఆ మరుసటేడాదే, 1990లో, మా వాళ్ళ మొదటి ఎల్పీ బయటికొచ్చింది. 1995లో ప్రాగ్‌లోని ఆర్ఖా థియేటర్‌లో అమెరికన్ బ్యాండ్ రెసిడెంట్స్ షోకి సంగీతం వాయించింది వీళ్ళే. వానెక్ కుర్రతనం నుంచీ రెసిడెంట్స్‌కి అభిమాని, అలాంటిది వాళ్ళతోనే స్టేజి మీద! ఆ వార్త తెలిసిన రోజు నేను నా రూమ్మేట్లకి సమోసాలు కొనిచ్చాను, ఎందుకో కూడా వాళ్ళకి తెలీదు.

ఇండియా వెనక్కి వచ్చేశాక ఒకసారి ఇంట్లో ఆ సీడీ పెట్టాను. అమ్మ వంటింట్లోంచి వచ్చి ఏంటిరా ఈ గోల అంటుందనుకున్నా. వచ్చింది, చీర కొంగుకి చెయ్యి తుడుచుకుంటూ నిలబడింది, తర్వాత సోఫాలో కూర్చుంది, అరచెయ్యి తొడ మీద వేసి లెక్క మొదలుపెట్టింది. తకిట తకధిమి. మిశ్రచాపు రా ఇది, ఏడు లెక్క, అంది. ఇంకాసేపటికి, అయ్యో ఖండంలోకి, ఐదులోకి వెళ్ళిపోయాడు, మళ్ళీ వచ్చాడు చూడు, అంది. పాట అయ్యాక, అరుపులు తగ్గిస్తే ఇంకా బాగుంటుంది గానీ లెక్క మాత్రం ఎక్కడా తప్పలేదు వీళ్ళు, గట్టివాళ్ళే, అంది. నాకు శృతి రాదని చిన్నప్పుడు అమ్మ ముందు పాడటం మానేసిన నాకు ఆరోజు ఆమె పక్కన కూర్చుని తాళం వెయ్యడం, ఇద్దరం ఒకేచోట ఆగడం, ఇప్పటికీ తల్చుకుంటే గుండె నిండిపోతుంది. అమ్మ పోయి ఏళ్ళయింది. ఆ పాట ఈ షోలో వాయిస్తారో లేదో, వాయిస్తే మాత్రం నేను గెంతను, నిలబడి తాళం వేస్తాను.

నాన్న ఉన్నారు, ఎనభై దాటాయి, చెవి కొంచెం తగ్గింది. షో సంగతి చెప్తే ఆయనకి సంగీతం గురించి ఏం పట్టలేదు, డ్రెస్డెన్ నుంచి ప్ల్జెన్ ఎంత దూరం, రైలుందా, స్కోడా వర్క్స్ గేటు ఇప్పటికీ ఉందా, ఇవే ప్రశ్నలు. రాత్రి భోజనాలయ్యాక నోట్‌బుక్ బయటికి తీశారు. మాంసం వద్దు అనే వాక్యం నాచేత మూడుసార్లు పలికించి, నీ ఉచ్చారణ బాలేదు అని మళ్ళీ చెప్పించారు. షో అయిన మర్నాడు ప్రయాణం కూడా అందుకే పెట్టుకున్నాం.

మా అమ్మాయి డ్రెస్డెన్‌లో మాస్టర్స్ చేస్తోంది. దానికి పంక్ అంటే పెద్దగా పడదు, చిన్నప్పట్నుంచీ కార్లో నా పాటలు భరించింది పాపం. ఈసారి మాత్రం అదే ఫోన్ చేసింది, నాన్నా మీ బ్యాండ్ ఇక్కడికి వస్తోంది, ఇక్కడి నోయ్‌స్టాట్ పేటలో చిన్న క్లబ్, మీరు రావాల్సిందే, అని. ఆ క్లబ్ వాళ్ళ రూమ్‌కి నడిచి వెళ్ళేంత దూరంలోనే ఉందట. దాని మాటలు విన్నప్పుడు నేను ఎంత సంబరపడ్డానో దానికి ఫోన్‌లో తెలిసిపోయే ఉంటుంది. కొండ దాటితే తెప్లిత్సె, అంటే వాళ్ళకి ఇది విదేశంలో షోనే అయినా పక్క ఊరు లాంటిదే, వాళ్ళ ఊరి జనం కూడా వస్తారని నా ఆశ. చెక్ తెలిసిన జనం మధ్య, కోరస్ అందుకునే జనం మధ్య నిలబడి ఈ పాటలు వినడం నాకు ఇదే మొదలు. అమెరికాలో మాకెవరికీ మాటలు రావు, అందరం ఆ... ఓ... అని అరిచేవాళ్ళం.

ఇప్పుడు రోజూ పొద్దున వాకింగ్‌లో ఆల్బమ్‌లు వరసగా వింటున్నా, 1990 నుంచి మొదలుపెట్టి. 1995ది, పిల్లల కథల్లాంటి పాటలున్నది, మొన్నటితో అయింది, నిన్నట్నుంచి 1999ది. 2018లో వచ్చినదాకా వెళ్ళాలి, బయల్దేరేలోపు అయిపోతుంది. వినేకొద్దీ ఒకటి అనిపిస్తోంది, 2025తో నలభై ఏళ్ళు నిండిన బ్యాండ్ ఇది, ఎక్కడా వేగం తగ్గలేదు, లెక్క సులువు చెయ్యలేదు, ఇంగ్లీష్‌లో పాడితే ఇంకా పెద్ద హాళ్ళు దొరికేవేమో, వాళ్ళు మాత్రం ఎక్కువగా చెక్‌లోనే పాడుతూ వచ్చారు. అందుకే వీళ్ళంటే నాకు గౌరవం. పెద్ద పెద్ద పంక్ బ్యాండ్లు స్టేడియంలలో పాత హిట్లు వాయించుకుంటుంటే వీళ్ళు ఇంకా వ్యాన్‌లో తిరుగుతూ చిన్న క్లబ్బుల్లో కొత్త పాటలు వాయిస్తున్నారు. నాకు తెలిసిన పంక్ ఇదే.

రెండు గంటలు నిలబడాలి కాబట్టి మోకాలికి డాక్టర్ చెప్పిన ఎక్సర్‌సైజులు మానకుండా చేస్తున్నా. చెవులకి ఇయర్‌ప్లగ్స్ కొన్నా, అమ్మాయికీ ఒక జత. హాలీవుడ్ సీడీ బ్యాగ్‌లో పెట్టేశాను, సంతకం పెట్టించుకోవాలి. షో మర్నాడు పొద్దున రైలెక్కి ఎల్బె నది ఒడ్డునే బోర్డర్ దాటి ఉస్తీ దాకా, అక్కడ బండి మారి తెప్లిత్సె, ఒక రోజు అక్కడ ఊరికే తిరుగుతాం, వీలైతే మోస్ట్ వెళ్ళి ఆ జరిపిన చర్చి చూస్తాం, తర్వాత ప్రాగ్ మీదుగా ప్ల్జెన్, నాన్న అడిగిన గేటు దగ్గర ఫోటో.

డ్రెస్డెన్, లైప్జిగ్, ప్రాగ్ వైపు ఉన్న తెలుగువాళ్ళు ఎవరైనా వస్తానంటే చెప్పండి, చదువుకునే పిల్లలైతే టికెట్ నేనే కొంటాను. పంక్ తెలియకపోయినా పర్లేదు. షో ముందు అమ్మాయి రూమ్‌లో పప్పూ అన్నం, ఆవకాయ నేను ఇక్కణ్ణుంచి తెస్తున్నా, తిని అందరం నడుచుకుంటూ వెళ్దాం, గేట్లు తెరిచేసరికి అక్కడుంటే ముందు వరస దొరుకుతుంది.